అందరి జవాబూ ఒకటైతే అది ఒప్పేనా?

పరీక్ష ముగియగానే విద్యార్థులు గుమిగూడి జవాబులు సరిచూసుకోవడం ఏ దేశంలోనైనా కానవచ్చేదే. పదిమందికీ ఒకే జవాబు వస్తే అది ఒప్పేనని అందరూ ఊరట చెందుతారు. అయితే గణితంలో సత్యం సంఖ్యాబలంతో తేలదని 1982 మే నెలలో అమెరికాలో జరిగిన శాట్ పరీక్ష తెలియజెప్పింది.

అందులోని ఒక ప్రశ్న సారాంశమిది: చిన్న వృత్తపు వ్యాసార్ధం పెద్ద వృత్తపు వ్యాసార్ధంలో మూడోవంతు. చిన్నది పెద్దదాని చుట్టూ జారకుండా దొర్లి, బయలుదేరిన చోటికి చేరేసరికి ఎన్ని చుట్లు తిరుగుతుంది? పెద్దదాని చుట్టుకొలత మూడు రెట్లు కనుక జవాబు 3 అని తోస్తుంది. ప్రశ్నను కూర్చినవారూ అలాగే భావించారు. నిజానికి జవాబు 4. ఇచ్చిన అయిదు జవాబులలో అది లేనేలేదు!

చిన్న వృత్తపు వ్యాసార్ధం 1 అనుకుంటే, దాని కేంద్రం పయనించే వృత్తపు వ్యాసార్ధం 3+1, అనగా 4. కనుక చుట్లూ నాలుగే. తిన్నని గీతపై మూడు. వంపు వెంట తిరిగినందుకు అదనంగా ఒకటి. రెండు క్వార్టర్ నాణేలతో మీరే పరీక్షించవచ్చు. ఒకదానిని కదలనీయక, పైనున్న రెండవదానిని దాని అంచు వెంట దొర్లించండి. అడుగుకు చేరేసరికే, అంటే సగం దారిలోనే, బొమ్మ ఒక పూర్తి చుట్టు తిరిగి నిటారుగా నిలుస్తుంది.

ముగ్గురు విద్యార్థులు ఈ లోపాన్ని లేఖల ద్వారా ఎత్తిచూపగా, నిర్వాహకులు ఆ ప్రశ్నను తొలగించి సుమారు 3 లక్షల మంది మార్కులను తిరిగి లెక్కించారు. మన పిల్లలు జవాబులు పోల్చుకునేటప్పుడు "ఎందరికి వచ్చింది?" అన్న ప్రశ్న కన్న "ఎలా వచ్చింది?" అన్న ప్రశ్నే మేలైనది.