పెద్దలను కూర్చోబెట్టకండి, నడిపించండి

"మీరు కదలకండి, మేం చూసుకుంటాం" అని ఇంట్లో పెద్దలకు ప్రేమతో చెబుతాం. ఆ ప్రేమే వారికి కీడు చేస్తుందేమో ఆలోచించారా?

జ్ఞాపకాలను నిలిపే మెదడు భాగం హిప్పోక్యాంపస్. వయసుతో పాటు అది కుంచించుకుపోతుంది. అమెరికాలో 120 మంది వృద్ధులపై జరిగిన పరిశోధన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఏడాదిపాటు వారానికి మూడు రోజులు, 40 నిమిషాల వరకు నడిచినవారిలో ఆ భాగం సుమారు 2 శాతం పెరిగింది.

మనసు తీరూ ముఖ్యమే. వృద్ధాప్యాన్ని ఆశతో చూసినవారు, నిరాశతో చూసినవారికంటే సుమారు ఏడున్నరేళ్లు ఎక్కువ బ్రతికారని 2002లో యేల్ పరిశోధకులు తెలిపారు. ఎనభై అయిదేళ్ల వయసులో కాలేబు అడిగింది విశ్రాంతి కాదు, కొండ ప్రాంతం!

నంద్యాలవారికి కొండలు కొత్త కాదు. యాగంటి వైపు ఎర్రమల, తూర్పున నల్లమల ఉన్నాయి. ఈ ఆదివారం ఎండ తగ్గాక అవ్వనో తాతనో వెంటబెట్టుకుని చెట్ల మధ్య కాసేపు నడవండి. మోకాళ్ల నొప్పులో గుండె జబ్బో ఉంటే ముందుగా డాక్టరును అడగండి. దారిలో వారి చిన్ననాటి పొలాల గురించి, పంటల గురించి అడగండి. వారు గుర్తుచేసుకుని చెబుతుంటే పిల్లలను విననివ్వండి.