చూపు లేని పిల్ల ఫోర్ ఎలా కొట్టింది?

2025 నవంబరు 23న కొలంబోలో మన అమ్మాయిలు అంధుల మహిళల టి20 ప్రపంచ కప్ గెలిచారు. ఆ పోటీ జరగడమే అది మొదటిసారి. ఫైనల్లో నేపాల్ 114 పరుగులు చేస్తే, మనవాళ్లు ఏడు వికెట్లు చేతిలో ఉండగానే, పదమూడో ఓవర్లో ఆట ముగించేశారు. ఆ పరుగుల్లో 42 పాంగి కరుణ కుమారివి. మన పాడేరు కొండల పిల్ల. విశాఖలో చూపులేని ఆడపిల్లల బడిలో చదువుకుంది. కెప్టెన్ టి.సి. దీపికది రాష్ట్రానికి ఆ చివరనున్న శ్రీ సత్యసాయి జిల్లా.

ఇంతటి గెలుపు వీడియో సంతలో ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కి వెళ్తుంటే, పక్కనే ఇంకో మాట కూడా వెళ్తోంది. "కళ్లు లేకపోతే బంతెలా కొట్టింది? అంతా నాటకం." అక్కడితో ఆగినా బాగుండేది. కొండెక్కేసరికి ఆ మాట "ఆడితే చూపుందని తెలిసిపోద్ది, పింఛను తీసేస్తారు" అని మారిపోయింది. 2025లో దివ్యాంగుల పింఛన్ల తనిఖీ జరిగి నోటీసులు వచ్చాక ఈ భయం ఇంకా ముదిరింది. ఫలితం కళ్లముందే ఉంది. చూపు తక్కువున్న ఆడపిల్లను ఆటకే కాదు, బడికి కూడా పంపకుండా ఇంట్లో కూర్చోబెడుతున్నారు. అందుకే ఈ ఒక్క అపోహ సంగతి ముందు తేల్చుకోవాలి.

అపోహ: అంధులంటే ఏమీ కనిపించని వాళ్లు. కాస్త కనిపించినా అది దొంగ అంధత్వమే.

వాస్తవం: చట్టమే అలా అనలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం అద్దాలు పెట్టాక కూడా మెరుగైన కంటి చూపు 3/60 కన్నా తక్కువుంటే అది అంధత్వమే. ఈ లెక్క అర్థం కావాలంటే కాఫీ తోటలోకి రండి. సిల్వర్ ఓక్ చెట్టుకు అల్లుకున్న మిరియాల తీగ మీకు 60 మీటర్ల దూరం నుంచి తెలిసిందనుకోండి. అంత తక్కువ చూపున్న పిల్లకు అదే తీగ తెలియాలంటే 3 మీటర్ల కన్నా దగ్గరకు రావాలి. అంటే ఆమెకు వెలుగు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది. మొహం తెలియదు, నల్లబల్ల మీద అక్షరం తెలియదు. ఇంకో రకం ఉంది. బొంగుకు కన్ను ఆనించి చూసినట్టు మధ్యలో కొంచెమే కనిపిస్తుంది, చుట్టూ ఏమీ ఉండదు. అలాంటి పిల్ల ఎదురుగా ఉన్న మిమ్మల్ని గుర్తుపట్టి పలకరిస్తుంది, మరుక్షణం కాలి దగ్గరి రాయికి తగిలి పడుతుంది. చూసినవాళ్లు ఆమె నటిస్తోందంటారు. ఆమె కళ్లతో ఒక్క పూట నడిచి చూస్తే ఆ మాట నోట రాదు.

అంధుల క్రికెట్‌లో ఈ తేడాలన్నీ ముందే కొలిచి ఆటగాళ్లను మూడు తరగతులుగా విడదీస్తారు. బి1 అంటే దాదాపు ఏమీ కనిపించనివారు. బి2 వాళ్ల చూపు 2/60 దాటదు. బి3 వాళ్లది 6/60 దాటదు. పదకొండు మందిలో కనీసం నలుగురు బి1 వాళ్లు ఉండాలి. బి3 వాళ్లు నలుగురిని మించకూడదు. బి1 ఆటగత్తె కొట్టిన ప్రతి పరుగునూ రెండుగా లెక్కేస్తారు. ఎవరికెంత కనిపిస్తుందో దాచిపెట్టే ఆట కాదిది. ఎవరికెంత కనిపిస్తుందన్న లెక్క మీదే నడిచే ఆట.

మరి బంతెలా కొడతారు? చెవితో. బంతి గట్టి ప్లాస్టిక్‌ది, లోపల ఇనుప గుళ్లుంటాయి. బౌలర్ ముందు "రెడీ?" అని అడుగుతుంది. బ్యాటర్ "యెస్" అన్నాకే "ప్లే" అని అరిచి చెయ్యి కిందుగా తిప్పి బంతిని నేల మీదుగా వదులుతుంది. గలగలమంటూ బంతి వస్తుంటే బ్యాటర్ మోకాలి మీదకు వంగి, తల ఓ పక్కకు వాల్చి, శబ్దం ఎటు నుంచి వస్తుందో పట్టుకుని బ్యాటు నేలబారుగా ఊడుస్తుంది. ఈ ఆటలో స్వీప్ షాట్లే ఎక్కువ కనిపించేది ఇందుకే. 1922లో మెల్‌బోర్న్‌లో చూపులేని కార్మికులు రేకు డబ్బాలో రాళ్లు పోసి మొదలుపెట్టిన ఆట ఇది. నూరేళ్ల సాధనను పది సెకన్ల వీడియో చూసి నాటకమని తేల్చేయడం అన్యాయం.

ఇక పింఛను సంగతి. ఆరు వేల పింఛనుకు ఆధారం వైద్యులు పరీక్షించి ఇచ్చే ధ్రువపత్రం, అందులో కనీసం 40 శాతం వైకల్యం. బంతి ఆడినంత మాత్రాన కంటి కొలత మారదు. ఆటలు ఆడేవారికి పింఛను ఇవ్వకూడదన్న నిబంధన ఏదీ లేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. దివ్యాంగుల క్రీడల్లో మోసం ఎన్నడూ జరగలేదని నేను అనను. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం విభాగంలో బంగారు పతకం గెలిచిన స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులో పన్నెండు మందిలో పదిమందికి ఏ వైకల్యమూ లేదని తేలింది. పతకం వెనక్కి తీసుకున్నారు. టోక్యో పారాలింపిక్స్‌లో మన దేశపు డిస్కస్ ఆటగాడి కాంస్యం కూడా తరగతి పరీక్షలో నిలవక రద్దయింది. కాబట్టి అనుమానం పుట్టడం తప్పు కాదు. దాన్ని తేల్చాల్సింది కంటి వైద్యులు, నిబంధనలు. టీ కొట్టు దగ్గర కబుర్లు కాదు.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు.

ఆటలాడితే గర్భసంచి జారుతుందట. నీళ్ల బిందెతో, కట్టెల మోపుతో రోజూ కొండ ఎక్కి దిగే తల్లిని ఎవరూ ఆపరు, బంతి ఆడే కూతుర్ని మాత్రం ఎందుకు ఆపాలి?

పెళ్లి కాదట. ఆడుతుందని వద్దనే సంబంధం తప్పిపోతే ఆ పిల్లకే మేలు.

ఆడవాళ్ల ఆట ఎవరూ చూడరట. 1920లో ఇంగ్లండ్‌లో ఒక మహిళల ఫుట్‌బాల్ మ్యాచ్‌కు 53 వేల మంది వచ్చారు. మరుసటి ఏడాదే అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన మైదానాల్లో ఆడవాళ్లను ఆడనివ్వకుండా నిషేధించింది, 1971 దాకా ఎత్తలేదు. జనం చూడక ఆగిన ఆట కాదది, చూడనివ్వక ఆపిన ఆట.

మీ ఊళ్లో పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదివే పిల్ల ఉంటే, మసక పడగానే గోడ పట్టుకుని నడిచే పిల్ల ఉంటే, ముందు కంటి వైద్యుడికి చూపించండి. పుట్టుకతో వచ్చిన శుక్లం లాంటివి తొందరగా పట్టుకుంటే చూపు చాలావరకు నిలబెట్టవచ్చు. తగ్గని లోపమైతే ధ్రువపత్రం చేయించండి, బడి మాన్పించకండి. విశాఖలో బడి ఉంది. అక్కడికి మన కొండల నుంచి వెళ్లిన పిల్లే ప్రపంచ కప్ ఫైనల్లో 42 కొట్టింది. ఆశ్రమ పాఠశాలల పీఈటీ మాస్టార్లకూ ఒక మనవి. చూపు తక్కువున్న పిల్లను గట్టు మీద కూర్చోబెట్టి మిగతావాళ్ల చెప్పులకు కాపలా పెట్టకండి. గలగలలాడే బంతి ఒకటి తెప్పించి ఆమె చేతికివ్వండి.

ఈ ఆట చూడటానికి వెళ్లేవారు ఒక్క పద్ధతి నేర్చుకోవాలి. బౌలర్ "ప్లే" అన్న దగ్గరనుంచి బంతి ఆగేదాకా మాట్లాడకూడదు, ఈల వేయకూడదు, ఫోన్ మోగకూడదు. మీరు చేసే చప్పుడులో బంతి చప్పుడు కలిసిపోతే ఆమెకు బంతి లేనట్టే. బయట మీరు అనే చెడ్డ మాట కూడా అంతే, ఆమె దారిని మూసేస్తుంది. బంతి కదులుతున్నంతసేపు నిశ్శబ్దంగా ఉండండి. ఆగాక కొండలు మారుమోగేలా చప్పట్లు కొట్టండి.