బీడీ కార్మికుల పీఎఫ్‌కు తాళం - చెవి మాత్రం పరాయి చేతిలో!

జగిత్యాల: పొద్దస్తమానం చాట ముందు కూర్చుని బీడీలు చుట్టే చేతులు ఆన్‌లైన్ సెంటర్ గడప ఎక్కేసరికి తడబడుతున్నాయి. ముప్ఫయి ఏళ్ళు తునికాకు కత్తిరించి, తంబాకు ఘాటు పీల్చి, పైసా పైసా కూడబెట్టిన ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము ఎక్కడికీ పోలేదు. ఖాతాలో భద్రంగానే ఉంది. దాన్ని తెరిచే చెవే ఆమె దగ్గర లేదు.

మండల కేంద్రాల్లోని ఏ ఆన్‌లైన్ సెంటర్ దగ్గరైనా సరే, ఓ గంట నిలబడితే ఈ సంభాషణ వినిపిస్తుంది.

"అవ్వా, ఫోన్‌కు నంబరొచ్చింది సూడు. జల్ది చెప్పు."

"నాకేడిది బిడ్డా ఫోను? ఆధార్ తీసిన్నాడు మా పెద్దోని నంబరు రాయిచ్చిన. వాడు దుబాయిల ఉన్నడు."

దుబాయికి ఫోన్ పోతుంది. కొడుకు డ్యూటీలో ఉంటాడు, ఎత్తడు. ఎత్తి నంబరు చెప్పేలోగా గడువు తీరిపోతుంది. మళ్ళీ మొదటికొస్తుంది వ్యవహారం. అవ్వ ఆ పూట బీడీల కూలి పోగొట్టుకుని, ఆటో చార్జీలు పెట్టుకుని, వచ్చిన దారినే ఇంటికి పోతుంది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పల్లెల్లోనూ, అటు నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల్లోనూ ఆడవాళ్ళు బీడీలు చుట్టడం, మగవాళ్ళు గల్ఫ్‌కు పోవడం మామూలే. అందుచేత ఈ తంటా ఒక్క ఇంటిది కాదు.

అసలు తాళం ఏది?

పీఎఫ్ ఖాతా ఉన్న ప్రతి కార్మికురాలికీ పన్నెండంకెల యూఏఎన్ నంబరు ఉంటుంది. ఈ పద్ధతి 2014లో వచ్చింది. కంప్యూటర్‌లో ఖాతా తెరవాలంటే ఈ నంబరు వేయాలి, దానికో పాస్‌వర్డ్ కొట్టాలి. ఆపైన ఆధార్‌కు కలిపిన ఫోన్‌కు ఆరంకెల ఓటీపీ వస్తుంది. అది ఒక్కసారికే చెల్లే నంబరు. అదీ కొడితేనే తలుపు తెరుచుకుంటుంది.

పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదని చదువుకున్నవాళ్ళంతా అంటారు. మంచి మాటే. కానీ పల్లెల్లో పాస్‌వర్డ్ పెట్టేది సెంటర్ వాళ్ళే. పేరు రాసి పక్కన 123 తగిలించడం వాడుకైపోయింది. ఊరందరి యూఏఎన్‌లు, ఆధార్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు ఒకే నోటుబుక్కులో రాసిపెట్టుకునే సెంటర్లూ ఉన్నాయి. వాళ్ళందరూ దొంగలని కాదు. మళ్ళీ వచ్చినప్పుడు అవ్వకు గుర్తుండదని, పని తొందరగా తెమలాలని అలా రాసుకుంటారు. బుక్కు మాత్రం బల్ల మీదే ఉంటుంది, వచ్చిపోయేవాళ్ళ కళ్ళ ముందే.

ఇక్కడ తెలుసుకోవలసిన సంగతి మరొకటుంది. పాస్‌వర్డ్ మరిచిపోతే కొత్తది పెట్టుకునే వీలుంది. యూఏఎన్, పేరు, పుట్టిన తేదీ, ఆధార్ వివరాలు ఇస్తే ఓటీపీ వస్తుంది. దాంతో కొత్త పాస్‌వర్డ్ తయారవుతుంది. ఆధార్ జిరాక్స్ ఎక్కడైనా దొరుకుతుంది. కాబట్టి ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా అది పై తాళమే. అసలు తాళం ఓటీపీ వచ్చే ఫోను. ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటే ఖాతా వారి చేతిలో ఉన్నట్టే.

2025 ఏప్రిల్ తర్వాత ఈ ఫోను విలువ ఇంకా పెరిగింది. అంతకుముందు పీఎఫ్ ఖాతాకు బ్యాంకు ఖాతా కలపాలంటే బీడీ కంపెనీ కూడా ఒప్పుకోవాల్సి ఉండేది. కంపెనీ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరగలేక కార్మికులు నానా అవస్థలు పడేవారు. ఆ నెలలో పీఎఫ్ సంస్థ ఆ నిబంధన ఎత్తివేసింది. బ్యాంకు వివరాలు సరిచూసుకున్న తర్వాత, ఆధార్ ఓటీపీతో కార్మికులే ఖాతా మార్చుకునే వీలు కల్పించింది. కార్మికులకు ఇది పెద్ద ఉపకారం, అందులో సందేహం లేదు. అయితే మధ్యలో అడ్డుగా ఉన్న ఒక మనిషి తప్పుకున్నాడు. బ్యాంకులో పేరు సరిపోవాలన్న కట్టుబాటు మిగిలింది. దాంతోపాటు మిగిలింది ఓటీపీ ఒక్కటే.

దుబాయి కొడుకు నంబరు

కొడుకు ఫోన్ అయితే ఏమవుతుంది, కన్నకొడుకే గదా అని తల్లులు అంటారు. కొడుకు మంచివాడే. నంబరు సంగతి వేరు. గల్ఫ్‌కు పోయినవాడు ఇక్కడి సిమ్‌కు రీచార్జి చేయించడు. వాడకుండా వదిలేసిన నంబరును కంపెనీ రద్దు చేస్తుంది. అలా రద్దయిన నంబరును కనీసం 90 రోజుల వరకు కొత్తవారికి ఇవ్వరని 2023లో ట్రాయ్ సుప్రీంకోర్టుకు తెలిపింది. అంటే ఆ 90 రోజులు దాటాక ఇవ్వవచ్చునన్న మాట. ఆ నంబరు ఏ ఊళ్ళో, ఏ ముక్కూమొహం తెలియని మనిషి జేబులోకి చేరిందో అవ్వకు తెలియదు. ఆమె పీఎఫ్ తెరిచే ఓటీపీ అతని ఫోన్‌లో మోగుతుంది.

ఆధార్ తీసే రోజుల్లో ఇంటింటికీ ఫోన్లు లేవు. ఊళ్ళో ఫోనున్న వాళ్ళ నంబరు రాయించినవాళ్ళున్నారు. ఆధార్ తీసే కుర్రాడే ఏదో ఒక నంబరు వేసి పంపించిన ఇళ్ళూ ఉన్నాయి. అప్పుడది కాగితం మీద ఓ గడి నింపడమే. అదే రేపటి తాళం చెవి అవుతుందని ఎవరనుకున్నారు?

ఏ నంబరు కలిసి ఉందో కనుక్కోవడం కష్టం కాదు. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో ఆధార్ చెల్లుబాటు చూసే చోట కార్డు నంబరు కొడితే, కలిపిన ఫోన్ చివరి మూడంకెలు కనిపిస్తాయి. దీనికి డబ్బు అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. పీఎఫ్ రికార్డులో ఉన్న ఫోన్ సంగతి తెలుసుకునే దారి ఇంకా సులువు. ఆ ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే, రెండు రింగుల తర్వాత దానంతటదే ఆగిపోయి, పీఎఫ్ వివరాలు మెసేజ్‌గా వస్తాయి. ఏమీ రాకపోతే ఆ నంబరు అక్కడ లేకపోయి ఉండవచ్చు, లేదా ఖాతాకు ఆధార్, బ్యాంకు వివరాలు కలిపి ఉండకపోవచ్చు. పీఎఫ్‌లో ఒక నంబరు, ఆధార్‌లో మరో నంబరు ఉన్నవాళ్ళూ ఉన్నారు. రెండూ ఒకటే చేయించుకోవడం మేలు.

అరిగిన వేళ్ళు

ఆధార్‌లో ఫోన్ నంబరు మార్చడానికి కాగితాలేవీ చూపనక్కర్లేదు. మనిషి వెళ్తే చాలు. ఆధార్ కేంద్రంలో దీనికి 2025 అక్టోబరు నుంచి 75 రూపాయల రుసుము నిర్ణయించారు. పోస్టాఫీసు వాళ్ళు కూడా ఈ పని చేస్తారు. పోస్ట్‌మన్ ఇంటికి వచ్చి నంబరు మార్చే సేవ 2021 జూలైలో మొదలైంది. ఇది తెలిసిన పల్లెలు తక్కువ.

చిక్కంతా వేలిముద్ర దగ్గర వస్తోంది. ఏళ్ళ తరబడి ఆకు మడిచి, దారం చుట్టి, బీడీ మూతి నొక్కి నొక్కి కార్మికుల వేలి గీతలు అరిగిపోయి ఉంటాయి. మిషన్ మీద వేలు పెడితే అది ఒప్పుకోదు. నూనె రాసి, తడిగుడ్డతో తుడిచి, పది వేళ్ళూ మార్చి మార్చి పెట్టినా ఫలితం ఉండదు. అలాంటివారికి కనుపాప తీసే యంత్రం ఉన్న కేంద్రమే గతి. ఆ సంగతి అడగాలని తెలియక వెనక్కి వచ్చేవారే ఎక్కువ.

వాట్సాప్‌లో వచ్చే గండం

ఇదిలా ఉండగా, ఫోన్ తమ చేతిలోనే ఉన్నవారికి ఇంకో గండం. పీఎం కిసాన్ డబ్బులు పడ్డాయనో, కేవైసీ చేసుకోకపోతే ఆగిపోతాయనో వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. దాని పేరు చివర ఏపీకే అని ఉంటుంది. నొక్కితే ఓ యాప్ ఫోన్‌లో దిగుతుంది. మెసేజ్‌లు చదువుకోవడానికి అనుమతి అడుగుతుంది. సరే అన్నారా, ఇక వచ్చిన ప్రతి ఓటీపీ దానంతటదే దొంగకు చేరిపోతుంది. "నేనెవరికీ ఓటీపీ చెప్పలేదు" అని లబోదిబోమనే రైతు చెప్పేది నిజమే. చెప్పింది ఆయన కాదు, ఆయన ఫోను. పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు ఇచ్చే పథకం. దాని పేరు చెప్పి పోయేది మాత్రం బ్యాంకులో ఉన్నదంతా. ప్రభుత్వ వెబ్‌సైట్ల చిరునామా చివర సాధారణంగా జీఓవీ డాట్ ఇన్ అని ఉంటుంది. పీఎఫ్‌దీ అంతే, ఆధార్‌దీ అంతే. ఏ ఆఫీసూ వాట్సాప్‌లో యాప్ పంపదు.

బ్యాంకు డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెబితే సొమ్ము దొంగ ఖాతాలో ఆపడానికి అంత వీలు. తప్పు తనది కానప్పుడు మూడు పనిదినాల్లోగా బ్యాంకుకు చెప్పిన ఖాతాదారుకు నష్టం అంటదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఉత్తర్వులిచ్చింది. ఓటీపీ తానే చెప్పి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయిన సొమ్ము తానే భరించాలని కూడా అందులోనే ఉంది. ఊళ్ళల్లో పరువు పోతుందని వారం రోజులు దాచిపెట్టి, ఆ తర్వాత పోలీసు స్టేషన్‌కు వెళ్ళేవాళ్ళు ఈ రెండు రకాలా నష్టపోతున్నారు.

సెంటర్ దగ్గర వాలుకుర్చీలో కూర్చున్న ఆ అవ్వ చివరకు కనుపాప చూపించి నంబరు మార్పించుకుంది. కొడుకు దుబాయి నుంచి పంపిన డబ్బుతో మీటల ఫోన్ ఒకటి కొనుక్కుంది. అందులో వాట్సాప్ లేదు, ఏపీకే దిగదు. కొన్ని రోజులకు మళ్ళీ సెంటర్‌కు వచ్చింది, ఈసారి ఎనిమిదో తరగతి చదివే మనుమరాలిని వెంటబెట్టుకుని. ఫోను కొంగు ముడిలోంచి తీసింది. "నంబరు చెప్పవ్వా" అని సెంటర్ కుర్రాడు చేయి చాపాడు.

"నీకెందుకు బిడ్డా చెప్పుడు? మా పోరి కొడ్తది, జర జరుగు" అంది అవ్వ.

కుర్రాడు నవ్వుతూ కుర్చీ వెనక్కి జరిపాడు. మనుమరాలు ముందుకొచ్చి ఆరంకెలూ ఒక్కొక్కటే చూసి కొట్టింది.