ఈమెయిలునకు నమ్మదగిన జల్లెడ

మన పాఠశాలను విడిచి పై చదువులకు పోవు విద్యార్థులకు కళాశాలలనుండి రావలసిన వర్తమానములలో నధికభాగ మిప్పుడు ఈమెయిలు మూలముననే వచ్చుచున్నది. మే మెరిగిన యొక విద్యార్థి కళాశాలలో ప్రవేశము కోరి దరఖాస్తు పెట్టి, జవాబు రాలేదని మూడు వారములు ఎదురుచూచెను. జవాబు వచ్చియే యుండెను. స్పాము అను పెట్టెలో, లాటరీ బహుమానముల నడుమ నది పడియుండెను. అతడు దానిని కనుగొనునప్పటికి రుసుము చెల్లింపవలసిన గడువు నాలుగు దినముల క్రిందటనే ముగిసెను. జల్లెడ పిండిని తవుడుతో గూడ పారబోసిన ట్లయినది. కావున నమ్మదగిన జల్లెడ యెట్టిదో విద్యార్థులకు తెలియుట యవసరమని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అడుగని జాబులను గుంపులకు పంపు దురాచారము నిన్న మొన్నటిది కాదు. 1978వ సంవత్సరము మే నెలలో అమెరికాయందు ఒక కంప్యూటర్ల కంపెనీ యుద్యోగి, గేరీ థర్క్ అనునాతడు, తమ క్రొత్త యంత్రములను గూర్చి సుమారు 400 మందికి ఒక్కమారే జాబు పంపెను. ఇట్టివానిలో ఇదియే మొదటిదని చెప్పుదురు. ఇక స్పాము అను పేరు 1937లో ఆ దేశమున అమ్మకమునకు వచ్చిన డబ్బా మాంసముది. ఇంగ్లాండువారి హాస్యనాటిక యొకదానిలో ఆ మాటనే పదేపదే పలికి తక్కిన మాటలు వినబడకుండ జేయుదురు. అందుచే నీ జాబుల కా పేరు అంటుకొనినది.

జల్లెడ మొదట పంపినవాడెవడని విచారించును. తపాలా కవరుమీద ఎవరైనను ఎవరి పేరైనను వ్రాయవచ్చును గదా, ఈమెయిలునందును అంతే. బ్యాంకు పేరు పెట్టి దొంగజాబు వ్రాయుట సులభము. అందుచే సంస్థలు తమ జాబులకు డీకిమ్ అను గూఢముద్రను వేయుచున్నవి. తన జీమెయిలు ఖాతాలకు దినమునకు 5000గాని అంతకు మించిగాని జాబులు పంపువారు ఈ ముద్రను తప్పక వేయవలెనని గూగులు సంస్థ 2024వ సంవత్సరము ఫిబ్రవరిలో నియమము తెచ్చెను. ముద్ర యున్నంతమాత్రమున జాబు మంచిదనరాదు. దొంగయు తన సొంత చిరునామాకు తాను ముద్ర వేసికొనగలడు.

పిమ్మట జల్లెడ జాబులోని మాటలను పరిశీలించును. ఇందులకు మూలమైన గణితసూత్రము థామస్ బేయిస్ అను ఇంగ్లాండు దేశపు క్రైస్తవ బోధకునిది. ఆయన 1761లో మరణింపగా, వ్యాసము 1763లో అచ్చుపడినది. దానిని జాబుల విషయమున వాడు విధమును 2002లో పాల్ గ్రాహం అనునాతడు విరివిగా ప్రచారము చేసెను. మంచి జాబులను, చెత్త జాబులను వేర్వేరు కుప్పలుగ నుంచి, ఒక్కొక్క పదము ఏ కుప్పలో నెన్నిమారులు వచ్చినదో లెక్కించుటయే దీని యుపాయము. 'లాటరీ' అను మాట 100 చెత్త జాబులలో 40టను, 100 మంచి జాబులలో ఒక్కదానను కనబడినదనుకొనుడు. క్రొత్త జాబులో ఆ మాటయున్న, అది చెత్త యగుటకు 41 పాళ్లలో 40 పాళ్లు అవకాశము కలదు. గ్రాహం మిక్కిలి సూచకములైన 15 మాటలకు ఇట్లు లెక్కగట్టి కలిపెను. అంతేగాక మంచి కుప్పలోని మాటలను రెట్టింపుగా లెక్కించెను. ఎందుకని?

జల్లెడ చేయు తప్పులు రెండు. చెత్తను లోనికి విడుచుట యొకటి. మంచిదానిని ఆపుట రెండవది. రెండును సమానములు కావు. ఒకనికి దినమునకు 10 మంచి జాబులు, 20 చెత్త జాబులు వచ్చుననుకొందము. మొదటి జల్లెడ చెత్తలో నూటికి 99 పట్టును గాని మంచివానిలో నూటికి రెండు ఆపును. రెండవది చెత్తలో నూటికి 95 మాత్రమే పట్టును గాని మంచివానిలో వేయింటి కొకటి మాత్రమే ఆపును. సంవత్సరమునకు లెక్కచూచిన, మొదటిది 73 మంచి జాబులను మ్రింగును. రెండవది మూడు నాలుగింటిని. రెండవదానిలో చెత్త దినమున కొకటి చొప్పున లోనికి వచ్చును. దానిని తీసివేయుట క్షణకాలపు పని. మేము రెండవదానినే కోరుకొందుము. అమ్మువారు చాటు 99 మాత్రమే చూచి మోసపోరాదు; రెండవ లెక్క యెంతయని అడుగవలెను.

తెలుగువారికి మరియొక చిక్కు కలదు. 'బహుమతి', 'బహుమతిని', 'బహుమతికి' అనునవి మనకు ఒక్క మాటయే. పదములను మాత్రమే లెక్కించు జల్లెడకు మూడు మాటలు. కావున నది తెలుగు నేర్చుటకు హెచ్చు జాబులు చూడవలెను. మన సొంత జాబులను చూచి నేర్చుకొను జల్లెడ యిట్టివారికి మేలు. థండర్‌బర్డు అను ఉచిత సాధనమునం దిట్టి యేర్పాటున్నది. సొంత సర్వరు గల సంస్థలకు స్పాంఅసాసిన్ అనునది కలదు. అది పరీక్షకునివలె ఒక్కొక్క దోషమునకు మార్కులు వేసి, మొత్తము 5 అయినచో చెత్తయని తేల్చును. ఏ దోషమునకెన్ని మార్కులో చూపును గూడ. కారణము చెప్పు జల్లెడయందు మాకు గౌరవ మెక్కువ.

ఏది యెంచుకొనినను మొదటి నెల దేనిని తుడిచివేయనీయక, గురుతు మాత్రమే పెట్టనిచ్చి, మంచి జాబు లెన్ని తప్పుగా గురుతుపడినవో వ్రాసికొనుడు. జల్లెడ మన జాబులన్నిటిని చదువును గాన, ఊరు పేరు లేనివారి చేతికి పాస్‌వర్డు ఈయకుడు.

జీమెయిలులో స్పాము పెట్టెలోని జాబులు 30 దినముల పిమ్మట తమంతట తామే పోవును. దరఖాస్తు పెట్టిన దినములలో ఆ పెట్టెను ప్రతిదినము తెరచి చూచి, మంచి జాబున్న 'స్పాము కాదు' అను మీటను నొక్కవలెను. కళాశాల చిరునామాను ముందుగానే మన చిరునామాల పట్టికలో చేర్చుకొనవచ్చును. పైన చెప్పిన విద్యార్థి మరుసటి సంవత్సరము మరల దరఖాస్తు పెట్టినప్పు డట్లే చేసెను. జవాబు వచ్చిననాడే అతనికి కనబడినది.