బయోమెట్రిక్ గన్ సేఫ్: ఎవరి వేలికి తెరుచుకుంటుందో చూశారా?

మా కాసిపేట బొగ్గు గనుల్లో పేలుడు పదార్థాలు ఒకచోట, డిటోనేటర్లు ఇంకోచోట దాస్తారు. ఇంట్లో పిస్టల్‌కీ అదే లెక్క: ఖాళీ గన్ సేఫ్‌లో, బుల్లెట్లు వేరే తాళం కింద. ఇక్కడ లైసెన్స్ లేనిదే గన్ ఉంచుకోకూడదు. అమెరికాలో కొనే మనవాళ్లు మాత్రం "అర్జెంటుగా చేతికందాలి" అని వేలిముద్ర సేఫ్ తీసుకుంటారు. దానితోనే చిక్కు. 2023 అక్టోబరులో ఫోర్ట్రెస్ సేఫ్ కంపెనీ దాదాపు 61,000 సేఫ్‌లను రీకాల్ చేసింది. రిజిస్టర్ చేయని వేళ్లకూ అవి తెరుచుకున్నాయి. ఒక సేఫ్‌లోని గన్ వల్ల 12 ఏళ్ల బాబు చనిపోయాడని కేసు కూడా పడింది.

అందుకే కొనగానే గన్ పెట్టేయకండి. ముందు మీ వేలిముద్ర ఎక్కించండి. తర్వాత ఖాళీ సేఫ్ మీద ఇంట్లో మిగతా అందరితో వేలు పెట్టించండి. ఒక్కరికి తెరుచుకున్నా వాపస్ పంపేయడమే. అన్నట్టు, స్పేర్ తాళంచెవి ఆ పక్క డ్రాయర్‌లో పెడితే ఇంత టెస్టింగూ దండగ.