సైకాలజీలో చేరితే మనసులు చదవడం వస్తుందా?

నెలకోసారి బీపీ చూపించుకోవడానికి నా ఓపీకి వచ్చే ఎడిటర్ ఒకరున్నారు. ఫిల్మ్ నగర్‌లో ఓ ఎడిటింగ్ రూమ్‌లో ఇరవై ఏళ్లుగా పని. రాత్రి రెండింటి దాకా ఏసీ గదిలో స్క్రీన్ ముందు కూర్చోవడం, టీ మీద టీ. ఆ ఉద్యోగానికి బీపీ రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఓసారి వచ్చినప్పుడు మాత్రలు రాసిచ్చినా లేవలేదు. పక్కన కూతురు నిలబడి ఉంది.

‘సార్, మా పాపది ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్ మళ్లీ రాయనంటోంది. డిగ్రీలో సైకాలజీ చదువుతుందట. మా ఇంట్లో ఎవరికీ ఆ సమస్య లేదు సార్. ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో! మీరైనా చెప్పండి’ అన్నారు.

ఏం చెప్పాలో నాకూ వెంటనే తోచలేదు. నిజం ఒప్పుకోవాలంటే, ఎంబీబీఎస్‌లో సైకియాట్రీ పోస్టింగ్ ఉన్న ఆ కొద్ది రోజులూ హాజరు వేయించుకుని లైబ్రరీకి పోయి పీజీ ఎంట్రన్స్‌కు చదువుకున్న బాపతు నేను. వారం తర్వాత రమ్మని చెప్పి, డిగ్రీ మొదటి సంవత్సరం సైకాలజీ పుస్తకాలు తెప్పించుకుని చదివాను. మీ ఇంట్లోనూ ఇలాంటి చర్చ నడుస్తుంటే, ఆ చదువులో నాకు కనిపించింది మీకు పనికిరావచ్చు.

సినిమాలో చూసింది వేరు

సైకాలజీ అనగానే మనకు గుర్తొచ్చేవి సినిమాలే. ‘చివరకు మిగిలేది’ (1960)లో మానసిక రోగులకు సేవ చేసే నర్సుగా సావిత్రి, ‘అపరిచితుడు’ (2005)లో ఒకే మనిషిలో ముగ్గురు, ‘గజిని’లో ఒంటి మీద పచ్చబొట్లు, ‘మహానుభావుడు’ (2017)లో శుభ్రత పిచ్చి ఉన్న హీరో. పిల్లలు కూడా అవి చూసే ఉత్సాహపడతారు. తీరా చేరాక మొదటి సెమిస్టర్‌లో అలాంటివేవీ కనిపించవు. జబ్బుల పాఠం ఉన్నా చివర్లో ఉంటుంది, లేదా తర్వాతి సంవత్సరాలకు పోతుంది.

మరి మొదట ఉండేదేమిటి? మామూలు మనిషి. మీరు, నేను. చూసింది మనసుకు ఎలా ఎక్కుతుంది, చదివింది ఎందుకు మరిచిపోతాం, కోపం వస్తే ఒంట్లో ఏం జరుగుతుంది, ఒంటరిగా ఉన్నప్పుడు చేయని పని గుంపులో ఎందుకు చేస్తాం? ఇవీ అధ్యాయాలు. మీ ఇంట్లో ఎవరైనా టెట్‌కో డీఎస్సీకో చదివి ఉంటే సంవేదన, ప్రత్యక్షం, అవధానం, అభ్యసనం, స్మృతి, ప్రేరణ, ప్రజ్ఞ, మూర్తిమత్వం లాంటి మాటలన్నీ వాళ్లకు కంఠతా వచ్చి ఉంటాయి. వాళ్లు చదివిన పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి ఇక్కడా ఎదురవుతాయి.

పావ్‌లోవ్ కుక్క గంట వింటే లాలాజలం కార్చింది. మా ఆస్పత్రిలో చంటిపిల్లాడు సూది చూడకముందే, స్పిరిట్ వాసనకే ఏడుపు అందుకుంటాడు. రెండిటి సూత్రమూ ఒకటే. మన ఎడిటర్ గారికి ఇంట్లో మిషన్ మీద మామూలుగా ఉండే బీపీ నా గదిలో పెరిగి కనిపించడంలోనూ దీని పాలు కొంత ఉంది. దాన్ని మేం వైట్ కోట్ ఎఫెక్ట్ అంటాం.

ఆర్ట్స్ అనుకుంటే లెక్కలొచ్చాయి

చేరిన పిల్లలు మొదట కంగుతినేది రెండు చోట్ల. ఒకటి, మెదడు. న్యూరాన్ బొమ్మ వేయాలి, భాగాలు గుర్తించాలి, ఏ లోబ్ ఏం చేస్తుందో చెప్పాలి. బైపీసీ వాళ్లు గట్టెక్కుతారు, మిగతావాళ్లు కాస్త కష్టపడాలి. రెండోది స్టాటిస్టిక్స్. సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం, సహసంబంధం. లెక్కలకు భయపడి ఆర్ట్స్‌కు వచ్చిన పిల్లకు ముందే చెప్పడం మంచిది. లేకపోతే మొదటి ఇంటర్నల్స్‌లోనే మనసు విరిగిపోతుంది.

ఆ లెక్కలు ఎందుకంటే, ఈ శాస్త్రం ప్రయోగం మీద నిలబడింది కాబట్టి. 1879లో జర్మనీలోని లీప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వూంట్ ప్రయోగశాల పెట్టిన నాటి నుంచే దీన్ని ప్రత్యేక శాస్త్రంగా లెక్కిస్తారు. మన దేశంలో మొదటి సైకాలజీ విభాగం 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో మొదలైంది. తెలుగు నేల మీద 1967లో ఆంధ్రా యూనివర్సిటీలో కోనేరు రామకృష్ణారావు సైకాలజీతో పాటు పారాసైకాలజీకి కూడా విభాగం పెట్టారు. టెలిపతీ వంటివి ల్యాబ్‌లో తేలే విషయాలా అన్న వాదన ఇంకా తెగలేదు. నా మట్టుకు నాకు నమ్మకం కుదరలేదు.

ఎడిటింగ్ రూమే ప్రయోగశాల

వారం తర్వాత తండ్రీకూతుళ్లు వచ్చినప్పుడు నేను ఎడిటర్ గారిని అడిగాను. ‘హీరో ముఖం క్లోజప్ ఉంది. ఏ భావమూ లేదు. దాని తర్వాత శవం షాట్ వేస్తే?’

‘బాధపడుతున్నాడనుకుంటారు’ అన్నారాయన తడుముకోకుండా.

‘అదే క్లోజప్ తర్వాత అన్నం పళ్లెం వేస్తే?’

‘ఆకలి. అది మా రోజువారీ పని కదా సార్. నటించడం రాని హీరోలను అలాగే గట్టెక్కిస్తాం’ అని నవ్వారు.

దానికో పేరుంది. కులెషోవ్ ఎఫెక్ట్. సుమారు వందేళ్ల కిందట రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒకే ముఖాన్ని సూప్ గిన్నె, శవపేటిక వంటి వేర్వేరు షాట్ల పక్కన అతికించి చూపించాడని, ప్రేక్షకులు ఆ నటుడి అభినయాన్ని మెచ్చుకున్నారని చెబుతారు. మనం ముఖాన్ని విడిగా చూడం, పక్కన ఉన్నదానితో కలిపి అర్థం చెప్పుకొంటాం. ప్రత్యక్షం అనే పాఠంలో అమ్మాయి చదవబోయేది దీన్నే.

సెకనుకు 24 నిశ్చల చిత్రాలు మన కంటికి కదులుతున్నట్టు ఎందుకు కనిపిస్తాయన్నదీ సైకాలజీ ప్రశ్నే. మాక్స్ వెర్తైమర్ 1912లో దాని మీద రాసిన పరిశోధనతోనే గెస్టాల్ట్ అనే ఒక శాఖ పుట్టుకొచ్చింది. ఇక హార్వర్డ్‌లో పనిచేసిన హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ అనే సైకాలజిస్టు సినిమా చూస్తున్నప్పుడు మనసులో ఏం జరుగుతుందో ఒక పుస్తకమే రాశాడు. క్లోజప్ అంటే తెర మీద మన అవధానం, ఫ్లాష్‌బ్యాక్ అంటే తెర మీద మన జ్ఞాపకం అన్నది ఆయన వాదన. ఆ పుస్తకం వచ్చింది 1916లో. కలకత్తాలో విభాగం మొదలైందీ ఆ ఏడాదే. ఆ విభాగానికి తొలి అధిపతి నరేంద్రనాథ్ సేన్‌గుప్తా హార్వర్డ్‌లో ఇదే మున్‌స్టర్‌బర్గ్ దగ్గర చదువుకున్నవారు. అంటే మన దేశంలో ఈ చదువుకూ సినిమాకూ చుట్టరికం పాతదే. ఇది చెప్పాక ఎడిటర్ గారు కుర్చీ దగ్గరకు లాక్కున్నారు.

మరో మాట కూడా చెప్పాను. కులెషోవ్ అసలు ఫిల్మ్ మనకు మిగల్లేదు. తర్వాత కొత్తగా చేసి చూసిన పరిశోధకుల్లో కొందరికి ఆ ఫలితం వచ్చింది, కొందరికి రాలేదు. సైకాలజీలో ఇలాంటివి చాలా ఉన్నాయి. పేరున్న పత్రికల్లో అచ్చయిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి 2015లో ప్రకటించిన ఫలితాల్లో, గట్టిగా నిలబడినవి మూడో వంతుకు కొంచెం పైన మాత్రమే. ఖైదీలు, జైలర్ల వేషాలు వేయించి 1971లో స్టాన్‌ఫర్డ్‌లో చేసిన ప్రయోగం పుస్తకాలన్నిటిలో ఉంటుంది. దాని మీద ఇప్పుడు బోలెడు అభ్యంతరాలున్నాయి. మంచి అధ్యాపకులు అవి కూడా చెబుతారు. వాట్సాప్‌లో ‘సైకాలజీ ప్రకారం...’ అని మొదలయ్యే మెసేజ్‌ను ఫార్వర్డ్ చేయకుండా ఆగడం ఈ కోర్సులో అబ్బితే, ఫీజు దండగ కానట్టే.

అద్దంలో నక్షత్రం

థియరీకి తోడు ప్రాక్టికల్స్ ఉంటాయి. రికార్డు రాయాలి, వైవాకు వెళ్లాలి. ప్రయోగానికి మనుషులు కావాలి కాబట్టి ఇంట్లోవాళ్లు, పక్క ఫ్లాట్ ఆంటీ అందరూ సబ్జెక్టులైపోతారు. వరుసగా ఎన్ని అంకెలు విని తిరిగి చెప్పగలరు అన్నది ఒకటి. ఏడు, రెండు అటూ ఇటూ అని జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. తర్వాతివాళ్లు నాలుగే అన్నారు. మనం ఫోన్ నంబరును అయిదూ అయిదుగా విడగొట్టి చెప్పుకొనేది ఆ ఇబ్బంది దాటడానికే. ఎనిమిది మంది అడిగినవన్నీ మనసులో పెట్టుకుని చివర్లో ధారణ అప్పగించే అష్టావధానులను చూసినవాళ్లం కాబట్టి, అవధానం, స్మృతి అధ్యాయాలు మనవాళ్లకు మరీ కొత్తగా ఉండవు.

నాకు బాగా నచ్చింది మిర్రర్ డ్రాయింగ్. కాగితం మీద నక్షత్రం గీసి ఉంటుంది. దాన్ని నేరుగా చూడకుండా అద్దంలో చూస్తూ గీత వెంట పెన్సిల్ నడపాలి. ప్రయత్నించండి, చెయ్యి మాట వినదు. పదిసార్లు చేస్తే వింటుంది. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించడానికి 1953లో మెదడు ఆపరేషన్ చేసి, రెండు వైపులా హిపోక్యాంపస్‌ను చాలా భాగం తీసేశారు. మూర్ఛలు తగ్గాయి కానీ, ఆ తర్వాత జరిగిన ఏ సంఘటనా ఆయనకు గుర్తు నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత ఈ నక్షత్రమే మూడు రోజుల పాటు గీయించారు. ఇదివరకు గీసినట్టు ఆయనకు గుర్తే లేదు, చెయ్యి మాత్రం రోజురోజుకూ బాగుపడింది. చేతికి తెలిసే జ్ఞాపకం వేరు, నోటితో చెప్పగల జ్ఞాపకం వేరు అని తేలింది అక్కడే. గజిని సినిమా చూసినవాళ్లకు మెదడులోని హిపోక్యాంపస్ సంగతి ఇలా చెబితే మరిచిపోరు.

అందరూ రోగుల్లాగే కనిపిస్తారు

జబ్బుల పాఠం రాగానే ఒక ప్రమాదం ఉంది. మా వైద్య విద్యార్థులకు చదివిన జబ్బల్లా తమకే ఉందనిపిస్తుంది. నాకు రెండో ఏడాదిలో లింఫోమా, మూడో ఏడాదిలో గుండె జబ్బు ‘వచ్చాయి’. సైకాలజీ పిల్లలు ఒక అడుగు ముందుకేసి ఇంట్లోవాళ్లకూ అంటగడతారు. గిన్నెలు రెండుసార్లు కడిగే అమ్మకు ఓసీడీ, రోజుకో మూడ్‌లో ఉండే నాన్నకు బైపోలార్. నవ్వి ఊరుకోండి. కానీ తేడా తెలిసి ఉండాలి. ఓసీడీ అనాలంటే ఆ ఆలోచనలు, పనులు రోజుకు గంటకు పైగా తినేయాలి, లేదా బతుకు సాగనివ్వకుండా చేయాలి. డిప్రెషన్ అనాలంటే కనీసం రెండు వారాల పాటు, దాదాపు ప్రతి రోజూ ఆ దిగులు, నిరాసక్తి ఉండాలి. స్కిజోఫ్రీనియా అంటే రెండు మూర్తిమత్వాలు కాదు, అది సినిమాలు మప్పిన పొరపాటు.

ఇంకో రకం పిల్లలుంటారు. తమ లోపలి బాధకు మందు దొరుకుతుందని ఈ కోర్సులో చేరేవాళ్లు. ఆ రోజు ఎడిటర్ గారిని కాసేపు బయట కూర్చోమని, అమ్మాయిని అడిగాను, ‘సైకాలజీ ఎందుకమ్మా?’ అని. కాసేపు గోళ్లు చూసుకుంది. ‘రాత్రిళ్లు ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది సార్. చచ్చిపోతానేమో అనిపిస్తుంది. పది నిమిషాల్లో తగ్గిపోతుంది. చదివితే ఎందుకో తెలుస్తుంది కదా. నాన్నకు చెప్పొద్దు’ అంది.

నాకు పీజీ రోజులు గుర్తొచ్చాయి. ఇవే మాటలతో ఒక ఆటో డ్రైవర్ క్యాజువాల్టీకి నాలుగుసార్లు వచ్చాడు. నాలుగుసార్లూ ఈసీజీ తీసి ‘ఏం లేదు, వెళ్లు’ అన్నాను. అయిదోసారి రాలేదు. ఏమయ్యాడో నాకు తెలియదు. పానిక్ అటాక్ అన్న మాట నా నోటి నుంచి ఒక్కసారీ రాలేదు.

ఈసారి ఆ తప్పు చేయలేదు. అమ్మాయికి ఈసీజీ, థైరాయిడ్ మామూలుగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ 12కు తగ్గకూడదు, 9.6 ఉంది. రక్తహీనతకూ దడ వస్తుంది కాబట్టి ఐరన్ మొదలుపెట్టాను. కానీ ఆ చావు భయం ఐరన్‌తో పోయేది కాదు. సైకియాట్రీ ఓపీకి పంపాను. పద్దెనిమిది నిండిన అమ్మాయి, చెప్పొద్దంటే నేను చెప్పను, నువ్వే చెప్పాలి అన్నాను. రెండు వారాలకు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. చికిత్స సాగుతూ ఉండగానే కాలేజీలో చేరింది. (కొన్ని వివరాలు మార్చాను, ఇద్దరూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను.) కోర్సు చికిత్స కాదు. మీ పిల్లలు సైకాలజీ అంటుంటే ‘ఎందుకు’ అని ఒకసారి, తిట్టే గొంతుతో కాకుండా అడగండి. రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఉచితం, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

చేరే ముందు

తెలంగాణలో డిగ్రీ సీట్లు చాలావరకు ‘దోస్త్’ ద్వారానే. బీఏలో సైకాలజీకి సాధారణంగా ఇంటర్ ఏ గ్రూపు అయినా సరిపోతుంది. బీఎస్సీ అయితే కాలేజీలో కనుక్కోండి. దూరవిద్యలో చేద్దామనుకుంటే జాగ్రత్త. 2025 జులై–ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపకూడదని యూజీసీ చెప్పింది. డిగ్రీ అవగానే బోర్డు పెట్టి వైద్యం చేయడం కుదరదు. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే పీజీ స్థాయిలో గుర్తింపు ఉన్న కోర్సు చేసి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. ఆ కోర్సుల పేర్లు, నిబంధనలు ఈ మధ్య మారుతున్నాయి, చేరే ముందు కౌన్సిల్ వెబ్‌సైట్ చూడండి. మందులు రాసే సైకియాట్రిస్టు కావాలంటే దారి ఎంబీబీఎస్సే. బడి కౌన్సెలింగ్, హెచ్‌ఆర్, ప్రకటనలు, మార్కెట్ పరిశోధన వంటి చోట్ల ఈ డిగ్రీ పనికొస్తుంది, కానీ చాలాచోట్ల పీజీ అడుగుతారు.

మొన్న బీపీ చెకప్‌కు వచ్చినప్పుడు ఎడిటర్ గారు కూతురి రికార్డు పుస్తకం సంచిలో పెట్టుకొచ్చారు. మిర్రర్ డ్రాయింగ్ పేజీలో సబ్జెక్టు ఆయనే. మొదటి ప్రయత్నంలో తప్పులు 31, పదోసారికి 6. ‘ఇరవై ఏళ్లు కట్ చేసిన చెయ్యి సార్, ఆరు కూడా రాకూడదు’ అన్నారు. ఆ రోజు బీపీ 138/86.