ఫోను పిల్లల చేతికొచ్చాక

మిరప కోతలు మొదలయ్యాయంటే మన సత్తెనపల్లి చుట్టుపక్కల వూళ్ళలో తల్లులు తెల్లవారకముందే సద్ది కట్టుకుని పొలానికి ఆటో ఎక్కుతారు. సాయంత్రం బడినించి వచ్చిన పిల్లలకు ఇంట్లో తోడు నాయనమ్మ, లేకపోతే ఫోను. పిల్ల నాయనమ్మ కళ్ళముందే కూర్చుని వుంటుంది, ఎవరితో మాట్లాడుతున్నదీ ఆవిడకు తెలియదు. అదీ చిక్కు.

ఫోను మాన్పించండి అని చెప్పను, అక్కయ్యలూ. అది జరిగే పని కాదు. 2020లో కరోనాకు బళ్ళు మూసినప్పుడు పాఠాలు దాన్లోనే విన్నారు. 2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వమే సర్కారు బళ్ళలో ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులు పంచింది. ఇంట్లో ఫోనుకు తాళం లాంటిది ఒకటుంది. గూగుల్ వారి ‘ఫ్యామిలీ లింక్’ పెట్టుకుంటే పిల్లవాడు కొత్త యాప్ దించుకోవాలన్నా మన అనుమతి కావాలి, రాత్రి ఎన్నింటికి ఫోను ఆగిపోవాలో మనమే చెప్పవచ్చు. ఖర్చు లేదు, పెట్టుకోండి. కానీ దానిమీదే భారం వేసి కూర్చోకండి. పక్కింటి కుర్రాడి ఫోనుకు మన తాళం వుండదుగా!

ప్రమాదం ఎలా వస్తుందో చూడండి. ఆటలోనో, ఇన్‌స్టాగ్రాంలోనో ఒకరు పరిచయమవుతారు. పేరు ఆడపిల్లది, బొమ్మ ఆడపిల్లది. “నాదీ తొమ్మిదో క్లాసే” అంటారు. పదిరోజులు మంచిమాటలు. తరవాత ఒక ఫోటో అడుగుతారు. పంపితే ఇంకోటి. పంపకపోయినా, మామూలు ఫోటోనే కంప్యూటరుతో అసభ్యంగా మార్చేస్తున్నారు ఇప్పుడు. ఆమీదట బెదిరింపు: “డబ్బు పంపు, లేకపోతే మీ నాన్నకు పంపుతా.”

వాడు బెదిరించేది ఫోటోతోనే అయినా, పిల్ల భయపడేది మనకు. తెలిస్తే బడి మాన్పిస్తారు, సంబంధం చూసేస్తారు అనుకుని నోరు విప్పదు. వాడికి కావలసిందీ అదే. అందుకని ఏమీ జరగకముందే, జడ వేస్తూనో అన్నం పెడుతూనో చెప్పి వుంచండి: “ఎవరన్నా బెదిరిస్తే నాకు చెప్పమ్మా. తిట్టను, ఫోను లాక్కోను, బడి మాన్పించను.” మగపిల్లలకూ చెప్పాలి సుమండీ, వాళ్ళు సిగ్గుపడి మరీ దాస్తారు. చెప్పాక ఆ మాటమీద నిలబడాలి. ఇంట్లో దొంగ పడితే ఇల్లాలికి శిక్ష వేస్తామా?

పిల్ల చెప్పిందనుకోండి. డబ్బు పంపకండి, ఒకసారి రుచి మరిగితే మళ్ళీ అడుగుతాడు. మాటలు చెరిపేయకండి. వాడి పేరు, నంబరు, బెదిరింపులు స్క్రీన్‌షాట్ తీసి వుంచి, ఆ తరవాత బ్లాక్ చెయ్యండి. అసభ్యమైన ఫోటోను మాత్రం సలహాకోసమని బావగారికీ, మేష్టారికీ పంపకండి. పిల్లల అలాంటి బొమ్మలు ఎవరు ఎవరికి పంపినా చట్టప్రకారం నేరమే. ఫోనే పట్టుకెళ్ళి పోలీసులకు చూపించండి. స్టేషనుకు వెళ్ళడానికి జంకుగా వుంటే 1098కి చెయ్యండి. అది పిల్లల సహాయానికే వున్న నంబరు, రాత్రీపగలూ పలుకుతుంది, డబ్బు పడదు. డబ్బు పోయివుంటే 1930కి వెంటనే, గంటలు గడవనీకుండా చెయ్యాలి. కేంద్రప్రభుత్వం వారి సైబర్ నేరాల పోర్టల్లో ఆడవాళ్ళమీదా పిల్లలమీదా జరిగిన నేరాలకు పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చెయ్యవచ్చు.

ఇంకొకటి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. 2023లో అమెరికాలో ‘టేక్ ఇట్ డౌన్’ అని ఒక ఉచిత సేవ మొదలుపెట్టారు. పద్ధెనిమిదేళ్ళ లోపు వాళ్ళ ఫోటోలకోసం, ఏ దేశంవారైనా వాడుకోవచ్చు. ఫోటో మన ఫోను దాటి వెళ్ళదు. దాని వేలిముద్రలాంటి గుర్తు మాత్రమే వెళుతుంది. ఆ గుర్తునుబట్టి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాం వంటి సంస్థలు ఫోటోను పట్టి తీసేస్తాయి. అన్ని సంస్థలూ అందులో చేరలేదు, వాట్సాప్‌లో చేతులు మారే ఫోటోలను అది ఆపలేదు. అయినా పిల్లకు ఎంత ధైర్యమో!

ఇక బడి సంగతి. “మన బడి పరువు” అంటూ నొక్కేసే హెడ్మాస్టర్లు వుంటారు. ఫోటోతో పిల్లల్ని అలా బెదిరించడం, అది అసలుదైనా కల్పించినదైనా, 2012 నాటి పోక్సో చట్టం కింద నేరమే. తెలిసీ పోలీసులకు చెప్పకపోతే ఆరు నెలలదాకా జైలు పడవచ్చు, నేరం చేసింది తన కింద పనిచేసేవాడైతే సంస్థ పెద్దకు ఏడాదిదాకా. బహుమతుల రోజున పిల్లల ఫోటోలు పేరు, తరగతి, వూరుతో సహా అందరూ చూసేచోట పెట్టేస్తారు చూడండీ, అదీ మానమనాలి.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా సర్కారు బళ్ళలో తల్లిదండ్రులతో పెద్ద సమావేశాలు పెట్టారు, 2025 జులైలో మళ్ళీ పెట్టారు. ఈసారి పిలిచినప్పుడు మార్కులు అడిగి వచ్చేయకండి. ఇలాంటి కష్టం వస్తే బడిలో పిల్లలు ఏ టీచరుకు చెప్పుకోవాలో ఆవిడ పేరు అడగండి. పేరు చెప్పలేకపోతే, అక్కడే కూర్చుని చెప్పించుకోండి.